ఇంగ్లీషు వాడుకమాటలకు ఓరుగల్లు పల్లెల తెలుగు

థాంక్యూ, సారీ, ప్లీజ్, టేక్ కేర్, ఎక్స్‌క్యూజ్ మీ వంటి ఇంగ్లీషు మాటలు రోజూ నోట నలుగుతుంటాయి. వీటిని తెలుగులోకి తెచ్చేటప్పుడు మాటకు మాట పెట్టకుండా, అదే సందర్భంలో ఇక్కడి మనిషి ఏమంటాడో ఆ మాట పెట్టడాన్ని సందర్భానువాదం అనవచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఈ పని మిగతాచోట్ల కంటే చిక్కైనది. ఇక్కడి జనం మాట్లాడే తెలుగు పాఠ్యపుస్తకాల తెలుగు కాదు. నిజాం పాలన నాటి ఉర్దూ ఆ తెలుగులో బాగా కలిసిపోయింది. తండాల్లో లంబాడీ, గూడేల్లో కోయ ఇంటిభాషలు. అందువల్ల ఇంగ్లీషులో ఉన్న ఒక్క మాట ఈ పల్లెలకు చేరేలోపు రెండు మూడు భాషలు దాటాల్సి వస్తుంది.

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబర్ 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి ఏర్పడ్డాయి. భూపాలపల్లి నుంచి ములుగు 2019 ఫిబ్రవరిలో విడిపోయింది. జనగామ సికింద్రాబాద్–కాజీపేట రైలుమార్గం మీద ఉంది. పాతవాళ్లు మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ మార్గంలో ఉంది. భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల ఊరు. ఆ జిల్లా అంచున గోదావరి దాటితే మహారాష్ట్రలోని సిరొంచ వస్తుంది, అక్కడా తెలుగు వినబడుతుంది.

పాలకుర్తి, బమ్మెరల వారసత్వం

పరభాషలో ఉన్నదాన్ని మన నుడికారంలోకి దించే పనికి ఈ నేలలో ఏడెనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉంది. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడిది నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి. సంస్కృత వృత్తాలు పక్కనబెట్టి ఆయన ద్విపదలో, జాను తెనుగులో 'బసవపురాణం' రాశాడు. దాన్ని భీమకవి 1369లో కన్నడంలోకి తీసుకెళ్లాడు. కన్నడ దేశపు బసవేశ్వరుడి కథ తెలుగులో పుస్తకమై తిరిగి కన్నడానికి చేరింది. పాలకుర్తికి దగ్గరలోనే బమ్మెర ఉంది. 15వ శతాబ్దంలో ఆ ఊరి పోతన సంస్కృత భాగవతాన్ని తెలుగు చేసినప్పుడు గజేంద్రమోక్షం, ప్రహ్లాద చరిత్ర వంటి ఘట్టాలను మూలం కంటే ఎంతో పెంచాడు. మూలంలో ఉన్న మాటలు లెక్కబెట్టుకుంటూ కూర్చోకుండా, వినేవాడి మనసుకు ఏది పడుతుందో దాన్ని రాశాడు. భాగవతం పద్యాలు అక్షరాలు రానివాళ్ల నోట కూడా ఆడటానికి ఇదే కారణమని నా నమ్మకం. ఈ రోజు ఒక ఆసుపత్రి బోర్డును తెలుగు చేసేవాళ్లు కూడా పోతనకు ఆ మేరకు వారసులే.

పలకరింపులు, వీడ్కోళ్లు

గుడ్ మార్నింగుకు 'శుభోదయం' అని నిఘంటువులో ఉంటుంది, వాట్సాప్ బొమ్మల మీద ఉంటుంది. జనగామ సంతలో ఎదురైన ఇద్దరు రైతుల మధ్య మాత్రం ఉండదు. వాళ్లు 'ఏం సంగతి?', 'ఏడికో పోతున్నట్టున్నవ్?', 'చాయ్ తాగినవా?', 'బువ్వ తిన్నవా?' అనుకుంటారు. ఇవి సమాచారం కోసం అడిగే ప్రశ్నలు కావు. ఎక్కడికి పోతున్నాడో కచ్చితంగా చెప్పనక్కర లేదు, 'గిట్ల పోతన్న' అంటే సరిపోతుంది. తెలుగు పాత్ర ఒకటి పొద్దున్నే ఇంకొకరికి 'శుభోదయం' చెప్పిందంటే ఆ కథ అనువాదమని చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

హౌ ఆర్ యూ అనేది బడిపుస్తకంలో 'మీరు ఎలా ఉన్నారు?' అవుతుంది. ఇక్కడ 'ఎట్లున్నవ్?', 'మంచిగున్నవా?', కాస్త దూరపు మనిషైతే 'మంచిగున్నరా?' అంటారు. క్రియారూపంలోనూ ఊరి గుర్తు ఉంటుంది. వరంగల్, కరీంనగర్ వైపు 'వస్తాన', 'పోతాన' అంటారు, కొన్ని ఊళ్లలో 'వత్తాన', 'చేత్తాన' కూడా వినిపిస్తాయి. 'ఏం చేత్తానవ్?' అన్న ప్రశ్న వింటే అడిగినవాళ్లు ఏ దిక్కువాళ్లో పోల్చుకోవచ్చు.

బై అనే చిన్న మాటకు చాలా రూపాలున్నాయి. ఇంటి నుంచి బయల్దేరేవాళ్లు 'పోయొస్త' అంటారు. ఒట్టి 'పోత' అనడం అపశకునం. ఫోన్ పెట్టేసే ముందు 'ఉంట మరి', 'మంచిది మరి' అంటారు. చావు జరిగిన ఇంటి నుంచి లేచేటప్పుడు 'పోయొస్త' అనరు, మాట్లాడకుండా లేచి వెళ్తారు. ఇంగ్లీషు నవలలో ఆ సన్నివేశంలో బై ఉంటే తెలుగులో అక్కడ ఏ మాటా పెట్టకపోవడమే సరైన అనువాదం. టేక్ కేర్ అనే మాటకు మాత్రం ఈ ప్రాంతంలో తిరుగులేని జవాబుంది: 'పైలం'. పట్నం పోయే కొడుకుతో తల్లి 'పైలం బిడ్డా' అంటుంది. హ్యాపీ జర్నీకి 'పైలంగ పోయి రా'. 'జాగ్రత్త' అనే పుస్తకపు మాటలో హెచ్చరిక పాలు ఎక్కువ, పైలంలో ప్రేమ పాలు ఎక్కువ. ఈ మాట నిఘంటువుల్లో మాండలికం అనే ముద్రతో మూలకు పడి ఉండటం న్యాయం కాదు.

థాంక్యూ, ప్లీజ్, సారీ

ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెబితే 'మనమేమన్నా పరాయోళ్లమా?' అని నొచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కృతజ్ఞత తెలుగువాళ్లకు లేదని దీనర్థం కాదు, అది దీవెన రూపంలో బయటికొస్తుంది. బస్సులో సీటిచ్చిన పిల్లతో ముసలమ్మ 'సల్లగుండు బిడ్డా' అంటుంది. పెద్ద సాయం చేస్తే 'నీ కడుపు సల్లగుండ' అంటుంది. ఇంగ్లీషులో థాంక్యూ ఎవరైనా ఎవరికైనా చెప్పవచ్చు. ఈ దీవెన పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్లకే పోతుంది. చిన్నవాళ్లు పెద్దలకు చెప్పాల్సి వస్తే 'మీరు లేకుంటే ఏమైపోదునో' అంటారు, లేదా దండం పెడతారు. యూ ఆర్ వెల్‌కమ్ అనేదాన్ని 'మీకు స్వాగతం' చేస్తే నవ్వులపాలవుతుంది. ఇక్కడ 'అండ్లేమున్నది తియ్' అంటారు.

ప్లీజ్‌కు మనవాళ్లు 'దయచేసి' అని స్థిరపరిచారు. రైల్వే స్టేషన్‌లో 'దయచేసి వినండి' అని రోజంతా వినిపిస్తుంది, ఆ చోట అది కుదిరింది కూడా. కానీ మనిషికీ మనిషికీ మధ్య తెలుగులో బతిమాలడం వేరే దారుల్లో నడుస్తుంది. ఒకటి 'జర': 'జర నీళ్లియ్యి', 'జర చూసి చెప్పు'. రెండోది ప్రశ్నగా అడగడం: 'ఈ కాయిదం రాసిస్తవా?' మూడోది పుణ్యం పేరెత్తడం: 'నీకు పున్నెముంటది, జర గీ ఫారం నింపియ్యి.' పని అయిపోయాక అదే 'నీకు పున్నెముంటది' థాంక్యూ అవుతుంది. అందుకే ఈ వాక్యాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లేవాళ్లు అది పనికి ముందు పలికిందా, తర్వాత పలికిందా చూసుకోవాలి. ఆఫీసు రాతలో అయితే 'పంపగలరు', 'తెలియజేయగలరు' అనే రూపాలు 'దయచేసి పంపండి' కంటే సహజంగా ఉంటాయి.

సారీ సంగతి ఇంకా వేరు. కాలు తగిలితే మాట ఉండదు, చెయ్యి తాకించి కండ్లకద్దుకుంటారు. ఆలస్యమైతే 'ఏమనుకోకు'. తప్పు నిజంగా జరిగితే 'తప్పయింది', 'మాఫ్ చెయ్యి'. ఎవరో పోయారని విన్నప్పుడు ఇంగ్లీషువాళ్లు ఐ యామ్ సారీ అంటారు. అక్కడ 'క్షమించండి' రాయడం ఘోరమైన పొరపాటు. ఇక్కడివాళ్లు 'అయ్యో, గట్లెట్లాయె!' అంటారు. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అనే రైల్వే వాక్యం ఇంగ్లీషు నుంచే వచ్చింది. వినీ వినీ జనానికి అలవాటైంది గానీ, బండి మూడు గంటలు ఆలస్యమైన రాత్రి మహబూబాబాద్ ప్లాట్‌ఫాం మీద పిల్లలతో కూర్చున్న తల్లికి ఆ మాటలో ఓదార్పేమీ దొరకదు.

ఎక్స్‌క్యూజ్ మీ కూడా ఇలాంటిదే. దారి కోసమైతే 'జర జరుగు', 'జర తొవ్వ ఇయ్యి'. ఎవరినైనా పిలవడానికైతే వరుస కావాలి: అన్నా, అక్కా, అవ్వా, పెద్దయ్యా, కాకా, సారూ. డోంట్ వర్రీకి 'రంది పెట్టుకోకు', 'ఫికర్ చెయ్యకు'. టేక్ యువర్ టైమ్ అంటే 'నిమ్మలంగ చెయ్యి'. ఐ డోంట్ మైండ్ అంటే 'నాకేం ఫరక్ లేదు'. ఐ మిస్ యూ అన్నదాన్ని 'నిన్ను కోల్పోతున్నాను' అని రాసినవాళ్లున్నారు. 'యాదికొస్తున్నవ్' అనేది చాలు.

ఫికర్, ఫరక్, జర, మాఫ్, షురూ, పరేషాన్, తబియత్ లాంటివి ఉర్దూ ద్వారా వచ్చినవి. హైదరాబాద్ సంస్థానంలో 1884లో ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1917లో ఏర్పడ్డ దారుల్ తర్జుమా, అంటే అనువాద సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ఇంగ్లీషు శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. అప్పటి పట్టా, పహాణీ, తహసీల్ ఇప్పటికీ మన భూమి కాగితాల్లో ఉన్నాయి. ఇంత ఉర్దూ కలిసినా 'షుక్రియా' మాత్రం పల్లె తెలుగులో నాటుకోలేదు. దీవెన ఉండగా దాని అవసరం పడలేదు.

నువ్వు, మీరు, మనం, మేము

ఇంగ్లీషు యూ ఒక్కటే. దాన్ని తెలుగు చేసే ప్రతిసారీ నువ్వా, మీరా తేల్చుకోవాలి. స్లొవాక్ భాషలోకి అనువదించేవాళ్లకూ ఇదే సమస్య. అక్కడ చనువుకు 'తి', మర్యాదకు 'వి' ఉన్నాయి. వాళ్ల 'ప్రోసీమ్' అనే మాట ప్లీజ్‌కూ, యూ ఆర్ వెల్‌కమ్‌కూ, సరిగా వినబడనప్పుడు 'ఏమన్నారు?' అనడానికీ పనికొస్తుంది. కాబట్టి ఇది తెలుగుకు మాత్రమే వచ్చిన తిప్పలు కాదు.

తెలంగాణ పల్లెల్లో మర్యాద క్రియలో కంటే వరుసలో ఎక్కువగా ఉంటుంది. 'నువ్వేడికి పోతున్నవే అవ్వా?' అన్నదాంట్లో నువ్వు ఉన్నా అమర్యాద లేదు. 'మా నాయిన వచ్చిండు', 'మా అమ్మ వచ్చింది' అంటారు, వాటిని 'వచ్చారు'గా దిద్దితే ఇంటి మనుషులు చుట్టాలైపోతారు. అంకుల్ అన్నచోట మామనా, కాకనా, పెద్దనాయిననా తేలాలి. బ్రదర్ ఇన్ లా అన్నచోట బావ, మరిది, బామ్మర్ది, సడ్డకుడు ఈ నలుగురిలో ఎవరో కథ మొత్తం చదివితే తప్ప తెలియదు.

ఇంగ్లీషు వి అన్న మాటకు తెలుగులో మేము, మనము రెండున్నాయి. 'నీళ్లు పొదుపుగా వాడుదాం' అన్న పిలుపులో మనం ఉండాలి, 'మీకు సాయం చేయడానికే ఉన్నాం' అన్నదాంట్లో మేము ఉండాలి. ఒక్క అక్షరం మారితే అధికారి జనంలో ఒకడవుతాడు, లేదా జనానికి అవతలివాడవుతాడు. హావ్ అనే క్రియనూ చూడండి: పైసలైతే 'నా దగ్గర ఉన్నయ్', కొడుకులైతే 'నాకు ఇద్దరు', జెరమైతే 'నాకొచ్చింది', మీటింగైతే 'నాకుంది'. 'కలిగి ఉన్నాను' అనే మాట వీటిలో ఒక్కదానికీ పనికిరాదు, అయినా అనువాదాల నిండా అదే కనబడుతుంది.

తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోయేటప్పుడు సందర్భం ఇంకా పెద్దదవుతుంది. 'నీ బాంచెన్ దొరా, కాల్మొక్త' అన్న మాటను ప్లీజ్ సర్ చేస్తే దాని వెనకున్న వెట్టి చాకిరి మొత్తం మాయమైపోతుంది. బాంచ అంటే బానిస. జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ గడీ ముందు జనం పలకాల్సి వచ్చిన మాట అది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ఆ దొర మనుషుల కాల్పుల్లో చనిపోయాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొర మనుషులకు దక్కనివ్వలేదు. దొరల మీద జనం పోరాటం మొదలయ్యాక ఊళ్లలో ఆ మాట నోటి నుంచి పోవడం మొదలైంది. ఆ కాలపు కథను ఇంగ్లీషు చేసేవాళ్లు ఈ వాక్యం దగ్గర ఆగి, కాస్త చోటు తీసుకొని అయినా, దాని బరువు చెప్పితీరాలి.

ఆసుపత్రిలో

సందర్భానువాదం అందరికంటే ఎక్కువ అవసరమయ్యేది రోగికి. ఇంగ్లీషులో పెయిన్ ఒక్కటే. ఇక్కడ తలకు పోటు, పంటికి పోటు, కడుపులో నొప్పి, పుండుకు సలుపు, కాళ్లకు గుంజుడు, ఒంటికి తీపులు, ఛాతీలో మంట. గుంజుతున్నదా, పొడిచినట్టున్నదా, మండుతున్నదా అన్నది రోగనిర్ణయానికి అక్కరకొచ్చే తేడా. ఇంగ్లీషు చదువులో పెయిన్ అని నేర్చుకున్న కొత్త డాక్టరు 'నొప్పి ఉందా?' అని మాత్రమే అడిగితే, గుంజుడుతో బాధపడుతున్న ముసలాయన నిజాయితీగా 'నొప్పి లేదు సారూ' అంటాడు. 'పాణం మంచిగ లేదు' అంటే ఒంట్లో బాగాలేదని, ప్రాణాపాయమని కాదు. ఊపిరి ఆడకపోతే 'దమ్మొస్తంది' అంటారు, జలుబును 'సర్ది' అంటారు. చీటీ మీద బిఫోర్ ఫుడ్ అని ఉన్నదాన్ని 'ఆహారానికి పూర్వం' అని కాకుండా 'బువ్వకు ముందు' అని చెప్పే నర్సమ్మలు ఈ జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లు చేస్తున్నది మంచి అనువాదమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

సింగరేణి గనుల్లో మాత్రం అనువాదం అడగని మాటలు స్థిరపడ్డాయి. షిఫ్టు, మస్టర్, ఓవర్‌మన్, సర్దార్, అన్‌ఫిట్. భూపాలపల్లిలో వీటికి తెలుగు వెతకడం వృథా శ్రమ. కార్మికుడి ఇంట్లో అవి తెలుగు మాటలైపోయాయి.

తండాలో, గూడెంలో

మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు, వారిలో లంబాడీలే ఎక్కువ. లంబాడీ లేదా గోర్‌బోలి ఇండో-ఆర్యన్ కుటుంబానికి చెందినది, తెలుగుతో చుట్టరికం లేదు. సొంత లిపి లేదు, ఇక్కడ తెలుగు లిపిలో రాస్తారు. 2011 జనగణన ఈ భాషను హిందీ కింద చేర్చి లెక్కించింది, అయినా దేశం మొత్తమ్మీద మాట్లాడేవాళ్లు 32 లక్షలకు పైగా తేలారు. గ్రియర్సన్ తన భాషా సర్వేలో దీన్ని 1907 సంపుటంలో వర్ణించాడు, రొనాల్డ్ ట్రెయిల్ వ్యాకరణం 1970లో వచ్చింది. తండాలో పలకరింపు 'రామ్ రామ్', ఇప్పుడు 'జై సేవాలాల్' కూడా. తల్లి 'యాడి', తండ్రి 'బాపు'.

కోయ ద్రావిడ భాష, గోండికి దగ్గరిది. గంగారం, కొత్తగూడ మండలాల్లోనూ, గోదావరి వెంట గూడేల్లోనూ వినిపిస్తుంది. 2011లో దేశం మొత్తమ్మీద మాట్లాడేవాళ్లు సుమారు 4 లక్షలు. స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో వెలువడింది. గోండి తరహా భాషల్లో ఒక విశేషముంది. తెలుగులో 'వాళ్లు' ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే, ఆ భాషల్లో బహువచనంలో కూడా మగవాళ్లకు ఒక రూపం, మిగిలినవాటికి ఇంకొక రూపం. ఇంగ్లీషు దే అనే మాటను గూడెంలో చెప్పాలంటే ఎవరి గురించో ముందే తెలియాలి.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి తండా నుంచి ఒక అవ్వ వస్తుంది. పోర్టల్‌లో ఆమె అర్జీ స్థితి ఇంగ్లీషులో ఉంటుంది. గుమాస్తా దాన్ని 'పరిశీలనలో ఉన్నది' అంటాడు. వెంట వచ్చిన మనుమరాలు దాన్ని లంబాడీలో ఇంకా పని కాలేదు, మళ్లీ రావాలి అన్న అర్థంలో చెబుతుంది. ముగ్గురిలో నిజమైన అనువాదం చేసింది మనుమరాలే. ఇలాంటి పిల్లల భుజాల మీదే ఈ జిల్లాల పాలన సగం నడుస్తోంది, వాళ్లకు ఒక శిక్షణ గానీ గుర్తింపు గానీ లేదు.

బడి ఈ దిశలో కొంత చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన మాతృభాషా బోధన కార్యక్రమం లంబాడీ, కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఎదురుగా రెండు భాషలు ఉండటం మేలైన ఏర్పాటు. తెలుగు పేజీలో ఇంగ్లీషు వాక్యం నీడ పడనంత వరకే ఆ మేలు నిలుస్తుంది.

పత్రికలు, నిఘంటువులు, యంత్రాలు

'వెలుగులోకి వచ్చింది', 'ప్రాణాలు కోల్పోయాడు', 'కీలక పాత్ర పోషించాడు', 'చర్యలు తీసుకుంటాం' ఇవన్నీ ఇంగ్లీషును చూసి రాసినవే. ఇప్పుడు వీటిని తొలగించడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక కోశం 1962లో వచ్చింది. పత్రికా భాష కోసం బూదరాజు రాధాకృష్ణ ఎంతో శ్రమించాడు. తెలంగాణ మాటలను నలిమెల భాస్కర్ పదకోశంగా కూర్చాడు. ఇవన్నీ పదాల ఖజానాలు. ఏ సందర్భంలో ఎవరు ఎవరితో ఏమంటారో చెప్పే కోశం మనకు ఇంకా కావాలి.

గూగుల్ అనువాదంలో తెలుగు 2011లో చేరింది. యంత్రం ఇప్పుడు వార్తను బాగానే తెలుగు చేస్తోంది. అది చదివి నేర్చుకున్నది రాతలో ఉన్న తెలుగును గనుక 'దయచేసి', 'ధన్యవాదాలు', 'క్షమించండి' దాని నోట వస్తాయి, 'జర', 'సల్లగుండు', 'ఏమనుకోకు' రావు. రాతలోకి ఎక్కని మాట యంత్రానికి అందదు.

తెలంగాణ ప్రభుత్వం కవి కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని భాషా దినోత్సవంగా జరుపుతోంది. ఆ రోజు సభలు పెట్టే కళాశాలలకు, గ్రంథాలయాలకు ఒక మనవి. మీ ఊళ్లో బస్టాండులో, దవాఖానలో, తహసీల్ ఆఫీసులో, చావింట్లో, పెండ్లింట్లో పెద్దలు అనే మాటలను సందర్భంతో సహా రాయించండి. తండా పిల్లలతో లంబాడీలో, గూడెం పిల్లలతో కోయలో రాయించండి. బోర్డు గానీ ఫారం గానీ తెలుగు చేసే అధికారులు అచ్చుకు పంపే ముందు దాన్ని ఆ ఊరి అవ్వకు ఒకసారి చదివి వినిపించండి. ఆమెకు అర్థం కాకపోతే ఆ కాగితాన్ని మళ్లీ రాయండి.